డాక్టరుగారి ఆకాశం

“జర్మన్లు ఎత్తుకుపోయారని చెప్దాం,” అన్నాడు హార్మెన్.

రిక కాఫీ మర తిప్పుతున్న చెయ్యి ఆపలేదు.

“ఏ జర్మన్లు?”

“ఏ జర్మన్లయితే ఏంటి? ఈ వీధిలో ఏ కొంప వదిలారు వాళ్ళు? రేడియోలు పోయాయి, సైకిళ్ళు పోయాయి, చర్చి గంట పోయింది. ఒక పుస్తకం పోకూడదా?”

“పోవచ్చు. మరి మావయ్యగారు ప్రతి ఆదివారం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది ఏంటని ఆ అమ్మాయి అడిగితే?”

మరలో గింజలు ఎప్పుడో పొడైపోయాయి. పిడి తేలిగ్గా తిరుగుతోంది. అయినా రిక తిప్పుతూనే ఉంది.

మంగళవారం నుంచి ఆ ఇంట్లో ఇదే వరస. ఆ రోజు మధ్యాహ్నం పటాలు కట్టే కొట్టు తలుపు తోసుకుని ఒక అమ్మాయి లోపలికొచ్చింది. “నేను డాక్టర్ లొబాతో గారి అమ్మాయిని. ఎస్తెల్లాని,” అని ఆమె చెప్పుకునేదాకా రిక పోల్చుకోలేదు. మేడ మీదున్న ముసలాయన బారెంద్ మాత్రం విననే విన్నాడు. కళ్ళు పోయిన దగ్గర్నుంచీ ఆయన ప్రాణమంతా చెవుల్లోనే ఉంది.

“వచ్చావా తల్లీ! మీ నాన్న నా చేతిలో పెట్టిన పుస్తకం పదిలంగా ఉంది. ఆదివారం చర్చి అయ్యాక రా. నా చేతులతో నీ చేతుల్లో పెడతాను,” అని మెట్ల మీంచే కేకేశాడు.

పదిలంగా ఉంది! ఆ మాటతో హార్మెన్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోవడం రిక చూసింది. ఆ పిల్ల వెళ్ళగానే బీరువా తెరిచి, ఆ పుస్తకాన్ని దింపి, అట్ట ఎత్తింది.

ఆ నక్షత్రాల పుస్తకంలో కొన్ని పటాలు ఉండవని ఆమెకి తెలుసు. ఆకలి చలికాలంలో, ఊరంతా తులిప్ గడ్డలు ఉడకేసుకు తిన్న ఆ రోజుల్లో, హార్మెన్ నాలుగైదు పటాలు కోసి, కోటు లోపల దాచి, ఉత్తరాన పల్లెల దాకా నడిచి వెళ్ళి బంగాళాదుంపలు తెచ్చాడు. ఒళ్ళంతా నీరు పట్టి పడున్న మామగారు ఆ దుంపలతోనే లేచి కూర్చున్నాడు. ఆ సంగతి మొగుడూ పెళ్ళాల మధ్యే ఉండిపోయింది.

కానీ మంగళవారం అట్ట ఎత్తి చూస్తే పటం అన్నది ఒక్కటీ లేదు. వెనకటి దొరలు చేత్తో రంగులద్దించుకున్న ఆ ఎద్దూ, ఓడా, హంసా, పెద్ద ఎలుగుబంటీ, వాటి ఒంటి మీద బంగారు చుక్కలూ, ఏవీ లేవు. వాటి కొలతకే కోసి, శుభ్రంగా కుట్టిన గోధుమరంగు కాగితాలున్నాయి. కొట్లో పటాలు చుట్టి ఇచ్చే కాగితాలు.

“కుట్టు బాగా కుట్టావు,” అంది రిక ఇప్పుడు, మర ఆపి. “ఒక్క పోగు కూడా వంకర పోలేదు.”

“దెప్పు. దెప్పడానికి నీకు ఆదివారమే దొరికింది.”

“దెప్పట్లేదు. ఎప్పుడు కుట్టావా అని ఆలోచిస్తున్నాను. నేను బజారుకెళ్ళినప్పుడా? మీ అక్కకి పురుడు పోయడానికి వెళ్ళినప్పుడా?”

“ఆ దుంపలు నువ్వూ తిన్నావు రికా.”

“తిన్నాను. కాదన్నానా? ఆ దుంపల పాపంలో నా వాటా నేను మోస్తాను. యుద్ధం అయిపోయి, రొట్టెల కొట్టు తెరిచాక, మన కడుపులు నిండాక కోసినవి ఎవరి ఖాతాలో రాయమంటావు?”

హార్మెన్ కుర్చీలో కూలబడ్డాడు. పొడుగైన మనిషి. కూర్చుంటే ఎప్పుడూ మోకాళ్ళు బల్లకి తగులుతాయి.

“జర్మన్లు పట్టుకెళ్ళిన యూదులెవరూ తిరిగి రారన్నారు. డాక్టరుగారు లేరు, ఆవిడ లేరు, పిల్లాడు లేడు. ఇంటికి వేరేవాళ్ళొచ్చి రంగులు కూడా వేయించుకున్నారు. కొట్లో అద్దాలన్నీ పగిలిపోయి ఉన్నాయి. ఒక్కటి అమ్మాను. జనం ఎగబడ్డారు. ఇంకొకటి ఉందా అన్నారు...” అంటూ ఆగాడు. “మొదటిది కోసినప్పుడు చెయ్యి వణికింది. తర్వాత్తర్వాత వణకలేదు. అదే నాకు...”

పైన నేల మీద కర్ర టకటకలాడింది. ముసలాయన పిలుస్తున్నాడు.

*

బారెంద్ మంచం మీద అప్పటికే నల్లకోటు తొడుక్కుని కూర్చున్నాడు. కాలరు గుండీ మాత్రం పట్టలేదు. రిక దగ్గరికెళ్ళి గడ్డం పైకెత్తి గుండీ పెట్టింది.

“సబ్బు వాసనొస్తోంది. ముందుగది కడిగావా?”

“కడిగాను మావయ్యగారూ.”

“బిస్కెట్లు?”

“వెన్న బిస్కెట్లు ఉన్నాయి.”

“తలొకటీ ఇచ్చి డబ్బా మూత పెట్టేసేవు. ఆ అలవాటు ఇవాళ మానుకో. డాక్టరుగారు మీ అత్తకి మందిచ్చినన్నాళ్ళూ ఏ రోజూ మందు సీసాకి మూత పెట్టలేదు.”

“మూత వంటింట్లోనే వదిలేస్తాను,” అంది రిక.

చెప్పేద్దామా? ఇప్పుడే, ఈ గుండీ పెడుతూనే చెప్పేస్తే? ఎనభైకి చేరువైన మనిషి. పిల్ల ముందు నగుబాటైనా తప్పుతుంది. రిక మంచం అంచు మీద కూర్చుంది.

“మావయ్యగారూ, ఆ పుస్తకం గురించి...”

“హార్మెన్‌ని దింపమను,” అన్నాడు బారెంద్ అడ్డొచ్చి. “నువ్వు కాదు. వాడే బీరువాలోంచి తియ్యాలి, వాడే బల్ల మీద పెట్టాలి.”

“అది కాదండీ...”

“నన్ను దింపు ముందు. ఈ మెట్లు నేను వెనక్కి తిరిగి దిగాలి, ఆలస్యమవుతుంది.”

ఆ ఇంటి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. ముసలాయన తాడు పట్టుకుని ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగుతుంటే, కింద నుంచి రిక ఆయన మడమల్ని పట్టి సరైన చోట పెడుతూ వచ్చింది. సగంలో ఉండగానే వీధి తలుపు గంట మోగింది.

*

ఎస్తెల్లా ఏప్రిల్ చలికి ముడుచుకుపోయి ఉంది. బాబాయి ఓడలో తీసుకెళ్ళి పెంచిన దూరపు దీవిలో ఏడాది పొడుగునా ఎండేనట. ఒంటి మీది కోటు అక్కడి షోకుదే గానీ ఇక్కడి గాలికి పనికొచ్చేది కాదు. చేతిలో ఒక సీసా ఉంది.

“చేదు నారింజ మురబ్బా. మా పిన్ని పంపింది, బారెంద్ పెదనాన్నా. మీకు ఇష్టమని నేనే చెప్పాను.”

“గుర్తుందీ!” ముసలాయన మొహం విప్పారింది. “ఇంకా గోళ్ళు కొరుకుతున్నావా?”

ఆ పిల్ల చటుక్కున వేళ్ళు గుప్పిట్లోకి ముడుచుకుంది. “కొరుకుతున్నా. ఎవరూ తిట్టట్లేదుగా మరి.”

ఎవరూ తిట్టట్లేదు. ఆ మాట నవ్వుతూనే అంది. రిక కాఫీ పోస్తూ పోస్తూ బల్లగుడ్డ మీద ఒలకబోసింది.

ఇద్దరూ పాత కబుర్లలో పడ్డారు. శనివారాలు డాక్టరుగారింట్లో సాయంత్రం దాకా దీపం వెలిగించేవారు కాదు. చీకటి పడ్డాక డాక్టరుగారు కూతుర్ని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే గానీ విశ్రాంతి దినం ముగిసినట్టు కాదు. మూడోది కనబడగానే పిల్లల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆ పుస్తకం తెరిచేవాడు.

“మా తమ్ముడు ఎప్పుడూ మోసం చేసేవాడు,” అంది ఎస్తెల్లా. “రెండే కనబడితే మూడు అనేవాడు. పుస్తకం తొందరగా తెరుస్తారని. నేను ఒకసారి హంస ముక్కు మీద తడివేలు పెట్టి రాశాను, రంగు వస్తుందా రాదా అని. వచ్చేసింది. నాన్న కొట్టలేదు. మూడు వందల ఏళ్ళు ఆ రంగు నీకోసమే ఆగిందే, అన్నారు.”

“నేను పటాలు కట్టినవాణ్ణి,” అన్నాడు బారెంద్. “చాలా చూశాను. అలాంటి నీలం మళ్ళీ చూళ్ళేదు. మీరు ఇల్లు వదిలిన సాయంత్రం మీ నాన్న దాన్ని బల్లగుడ్డలో చుట్టుకుని, పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. ‘మేం వచ్చేదాకా ఉంచు బారెంద్’ అన్నాడు. ‘ఉంచుతాను’ అన్నాను. అంతే. కాఫీ కూడా తాగలేదు.”

అని తల కొద్దిగా పక్కకి తిప్పాడు.

“హార్మెన్! పుస్తకం.”

గుమ్మం దగ్గర నిలబడ్డ హార్మెన్ కదల్లేదు.

“నాన్నా, ముందు భోజనం చేద్దాం. సూప్ పొయ్యి మీదుంది. అమ్మాయి దూరం నుంచి...”

“పుస్తకం హార్మెన్.”

రిక మొగుడి కళ్ళలోకి చూసింది. ‘చెప్పు, ఇప్పుడైనా చెప్పు’ అని ఆమె చూపు. ‘నువ్వు చెప్పకు’ అని అతని చూపు. ఇద్దరి చూపులూ కలుసుకుని, చేతకాక, చెరో దిక్కుకీ వెళ్ళిపోయాయి.

అతను వెళ్ళాడు. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగొచ్చి, కాఫీ కప్పులు పక్కకి జరిపి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. తోలు అట్ట, అంచుల్లో ఇత్తడి మూలలు. తెరిస్తే చిన్న బల్ల సరిపోదు. ఎస్తెల్లా దాని మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది.

“వాసన అదే,” అంది మెల్లగా.

అట్ట ఎత్తింది.

వంటింట్లో సూప్ ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎస్తెల్లా మొదటి కాగితం తిప్పింది. రెండోది తిప్పింది. చివరిదాకా బొటనవేలితో ఒక్కసారి జారవిడిచింది. అంతా గోధుమరంగే. ఆమె మొహంలో కోపం రాలేదు. తప్పు ఇంటి తలుపు కొట్టినవాళ్ళలా తెల్లబోయి చూసింది, అంతే.

“ఏ పటం వచ్చింది తల్లీ?” అన్నాడు బారెంద్.

ఆమె తల ఎత్తి హార్మెన్ వంక చూసింది.

“హంస నాన్నా,” అన్నాడు హార్మెన్. “హంస దగ్గర ఆగింది.”

రిక కళ్ళు మూసుకుంది.

ముసలాయన చెయ్యి చాపాడు. బల్ల అంచు తడిమి, కాగితం అంచు పట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపాడు.

“ఇది హంసా?” అన్నాడు. “ఇది మన కొట్లో కాగితంరా. మార్కెట్ వీధిలో కొంటాం.”

*

“మీకు తెలుసా?” అన్నది రికే. మామగారిని అలా నిలదీసి అడగడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

“ఒళ్ళో పెట్టుకుంటే తెలీదా? డాక్టరు తెచ్చిన రోజు నా మోకాళ్ళు వంగిపోయాయి. ఇప్పుడిది గడ్డి మోపులా ఉంది. నాకు పోయినవి కళ్ళు. బుద్ధి పోలేదు.”

“ఎప్పట్నుంచి?” హార్మెన్ గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

“నువ్వు కుట్టిన వారమే.”

“మరి ఎందుకడగలేదు? ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం తెమ్మంటావు, ఒళ్ళో పెట్టమంటావు, ఎద్దు గురించి చెబుతావు, ఓడ గురించి చెబుతావు! నేను తలకాయ ఊపుతూ కూర్చుంటాను! నన్ను ఆడించావా నాన్నా?”

“గుడ్డివాణ్ణి మోసం చెయ్యడం నీకు కష్టమవుతుందనుకున్నాను,” అన్నాడు బారెంద్. “ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం, నువ్వే చెబుతావనుకున్నాను. నీకు కష్టం అవలేదు.”

హార్మెన్ గోడకి ఆనుకున్నాడు.

“అడిగితే నువ్వు చెప్పాల్సొచ్చేది,” ముసలాయన సాగించాడు, ఈసారి ఇంకొంచెం నెమ్మదిగా. “చెబితే ఆ చలికాలం నా కంచంలోకి దుంపలు ఎక్కణ్ణుంచి వచ్చాయో నేను వినాల్సొచ్చేది. అందుకే అడగలేదు. మింగినదాన్ని కక్కలేక. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాళ్ళని తిడతాం కదా, మనం లెక్కపెట్టి ఊరుకోలేదురా. ఊడబీక్కుని అమ్ముకున్నాం. మాట ఇచ్చినవాణ్ణి నేను. నీ వెనక దాక్కున్నాను.”

కుర్చీ చప్పుడయింది. ఎస్తెల్లా లేచింది. ఎవరి వంకా చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రిక వెనకే వెళ్ళింది. ఆ పిల్ల పొయ్యి దగ్గర నిలబడి, పొంగుతున్న సూప్ గిన్నె మూత తీసి పక్కన పెడుతోంది. అలాంటి సమయంలో కూడా సూప్ పొంగిపోతుందేమోనని చూసింది!

“కూర్చో అమ్మా.”

“వద్దండీ.”

“నేనొకటి చెప్పాలి,” అంది రిక. “చెప్తే నువ్వు ఈ ఇంటి గడప తొక్కవేమో. అయినా చెప్పాలి. యుద్ధం అయిపోయిన ఆ వేసవిలో నువ్వు ఒకసారి ఈ ఊరొచ్చావు. నిన్ను దాచిపెట్టిన పొలాల వాళ్ళ చెక్క చెప్పులు వేసుకుని, వంతెన అవతల నిలబడి మా కొట్టు వైపు చూశావు. చాలాసేపు. నేను మేడ మీంచి చూశాను.”

“తెలుసు,” అంది ఎస్తెల్లా.

రిక తడబడింది. “తెలుసా?”

“పరదా లాగారు. మీ చెయ్యి కనబడింది.” ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. “ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదేమో, వెలుతురు పడట్లేదేమో అనుకున్నా. అలా అనుకుంటేనే బాగుండింది. మర్నాడు బాబాయి ఓడ ఎక్కించేశాడు.”

“నాలుగైదు పటాలే అప్పటికి పోయినవి. మిగతావన్నీ పుస్తకంలోనే ఉన్నాయి. ఆ రోజు నేను తలుపు తీసి ఉంటే...” అంది రిక. ఆ నాలుగైదింటికి సిగ్గుపడి పరదా లాగింది. ఆ పరదా చాటున మొత్తం ఆకాశం పోయింది. సిగ్గు దాచుకోవాలని చేసిన పని, ఇన్నేళ్ళకి ఇంత సిగ్గు తెచ్చిపెట్టింది.

క్షమించమని అడగాలని ఉంది. ఏ నోటితో అడగాలి? అడిగితే ఆ పిల్ల మర్యాదకి సరేనంటుంది. ఆ సరే తీసుకుని తను తేలికపడుతుంది. అది కూడా ఆ పిల్ల దగ్గర ఇంకొకటి లాక్కోవడమే అనిపించింది రికకి. పొయ్యి మంట తగ్గించింది.

“హంస ఎవరి దగ్గరుంది?” అంది ఎస్తెల్లా.

రిక తల దించుకుంది. హార్మెన్ మొదట కోసినవాటిలో అదొకటి. “అది దుంపలకి వెళ్ళింది. ఆ దుంపలిచ్చిన రైతు భార్య పగిలిన కిటికీకి అడ్డంగా అంటించిందట. తర్వాత హార్మెన్ వెళ్ళి చూశాడు. వానకి తడిసి...”

“సరే.”

“ఉండి ఉంటే కాళ్ళ మీద పడైనా తెచ్చేదాన్ని.”

“సరే అన్నానుగా,” అంది ఆ పిల్ల. ఆ గొంతులో మొదటిసారి కోపం పలికింది. తర్వాత తన గొంతుకి తనే ఉలిక్కిపడినట్టు ఆగి, కోటు గుండీలు పెట్టుకోవడం మొదలెట్టింది.

*

ముందుగదిలో తండ్రీ కొడుకులు ఎవరి కుర్చీలో వాళ్ళు, ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. ఎస్తెల్లా బల్ల దగ్గరికొచ్చి ఆ పుస్తకం అట్ట మూసింది.

“మిగతావి ఎవరెవరికి అమ్మారో మీకు గుర్తున్నాయా?” అని హార్మెన్‌ని అడిగింది.

“అన్నీ గుర్తున్నాయి. ఫ్రేములు నేనే కట్టాను. మేకులు కూడా కొన్ని ఇళ్ళల్లో నేనే కొట్టొచ్చాను.” తల ఎత్తకుండా అన్నాడు. “డబ్బు తిరిగిస్తాను. ఒక్కసారి ఇవ్వలేను. నెలనెలా...”

“డబ్బు మాట ఎత్తకండి.”

“మరేం చెయ్యమంటావు?”

“నాతో రండి. ఆ ఇళ్ళకి.”

“ఇవ్వరమ్మా! కొనుక్కున్నవాళ్ళు. ఊరికే ఇమ్మంటే ఎవరిస్తారు?”

“ఇవ్వకపోవచ్చు. ఆ బొమ్మ ఎవరిదో వాళ్ళ గుమ్మంలో నిలబడి మీరు చెప్పండి. మా నాన్న పేరు పెట్టి చెప్పండి.” ఆమె కోటు చివరి గుండీ పెట్టుకుంది. “మంగళవారం నుంచి ఈ ఊరంతా తిరుగుతున్నాను. మా ఇంటి ముందు నిలబడ్డాను. రొట్టెల కొట్టుకెళ్ళాను. అందరూ ప్రయాణం బాగా జరిగిందా అంటున్నారు, అక్కడ ఎండలెలా ఉన్నాయంటున్నారు. మా నాన్న మాట ఒక్కళ్ళూ ఎత్తలేదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పుట్టనే లేదన్నట్టు. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో పిల్లలకి జ్వరమొస్తే ఆయన వెళ్ళారో! ఒక్కసారి ఆయన పేరు ఈ వీధిలో ఎవరైనా పైకి అనాలి. అంతే.”

హార్మెన్ తండ్రి వంక చూశాడు. చిన్నప్పుడు తప్పు చేసి చూసినట్టే చూశాడు. ఆ ముసలాయనకి ఆ చూపు కనబడదు.

“నాకు రేపటిదాకా టైమివ్వమ్మా,” అన్నాడు. “ఇవాళ ఆదివారం. జనం భోజనాల దగ్గరుంటారు.”

“భోజనాల దగ్గరుంటే మంచిదే,” అన్నాడు బారెంద్. “ఇంట్లో ఉంటారు. కోటు వేసుకో.”

“నాన్నా...”

“నేను నడవగలిగితే నేనే వెళ్ళేవాణ్ణి. నా కాళ్ళు నువ్వే కదరా. వెళ్ళు.”

హార్మెన్ లేచాడు. కోటు చేతుల్లోకి చెయ్యి దూర్చలేక రెండుసార్లు తప్పాడు. రిక వెళ్ళి భుజం పట్టి తొడిగింది. మంగళవారం నుంచి మొగుణ్ణి ముట్టుకోవడం అదే మొదలు. తర్వాత తన శాలువా తీసుకుంది.

“నువ్వెందుకు?” అన్నాడు హార్మెన్.

“పరదా లాగినదాన్ని. నేనూ రావాలి.”

*

వంతెన దాటాక మొదటి ఇల్లు మందుల షాపు వెర్మాస్ గారిది. షాపు మూసి ఉంది. పక్కనే ఇంటి తలుపు, దాని ఇత్తడి పిడి అద్దంలా మెరుస్తోంది. ముందుగది కిటికీకి పరదాలు లేవు. ఆ ఊళ్ళో మర్యాదస్తుల ఇళ్ళకి ఉండవు. లోపలి గోడ మీద, చలికాచుకునే పొయ్యి గట్టు పైన, ముగ్గురికీ అది వీధిలోకే కనబడింది. తెరచాపలెత్తిన ఓడ. దాని చుట్టూ ఆ నీలం.

ఎస్తెల్లా ఒక్క అడుగు వెనక్కి వేసింది. రిక ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల విదిలించుకోలేదు.

హార్మెన్ గంట మోగించాడు.

తలుపు తీసింది వెర్మాస్ గారి భార్య. మెడలో రుమాలు, మొహం నిండా భోజనాల వేళ తీరుబడి. “హార్మెన్! ఏంటయ్యా, ఆదివారం పూట? ఫ్రేము సరిచేయించుకుంటానన్నది ఎప్పుడో మానేశానుగా...” అని నవ్వబోయి, వెనకున్న ఇద్దర్నీ చూసి ఆగింది.

“మేడమ్,” అన్నాడు హార్మెన్. టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. కాలవలో పడవ ఒకటి వెళుతోంది. దాని ఇంజను చప్పుడు దూరమయ్యేదాకా నిలబడ్డాడు. రికకి ఆ టోపీ లాక్కుని తనే చెప్పెయ్యాలనిపించింది. పళ్ళు బిగించుకుని ఊరుకుంది.

“మీ గోడ మీదున్న ఓడ నాది కాదు,” అన్నాడు చివరికి. “నాది కానిదాన్ని మీకు అమ్మాను. అది డాక్టర్ దావిద్ లొబాతో గారిది. మా నాన్నకి దాచమని ఇచ్చారు. ఈవిడ వాళ్ళ అమ్మాయి.”

పేరు వీధిలో పడింది. ఎదురింటి కిటికీలో ఎవరో కదిలారు.

వెర్మాస్ గారి భార్య మొహంలో ఆశ్చర్యం వస్తుందని రిక ఎదురుచూసింది. కోపం వస్తుందేమో, మోసపోయానని అరుస్తుందేమో అనుకుంది. అవేవీ రాలేదు. ఆవిడ తలుపు అంచు గట్టిగా పట్టుకుంది. కళ్ళు మాత్రం ఎస్తెల్లా మీదే ఉన్నాయి.

“మా పెద్దవాడికి గొంతువాపు వచ్చినప్పుడు,” అంది చాలా చిన్న గొంతుతో, “మీ నాన్నగారు రోజూ వచ్చేవారు. వాడు మందు మింగనని మారాం చేస్తే ఒకరోజు మీ ఇంటికి తీసుకెళ్ళి ఈ ఓడ చూపించారు. వాణ్ణి ఎత్తుకుని నేనే వెళ్ళాను.”

హార్మెన్ తలెత్తాడు. “అంటే... మీకు తెలుసా? కొన్నప్పుడే?”

“చూడగానే తెలిసింది.” ఆవిడ హార్మెన్‌కి కాదు, ఆ పిల్లకే చెబుతోంది. “నేనే కాదమ్మా. మా ముందుగదిలోకొచ్చి కాఫీ తాగినవాళ్ళలో సగం మందికి తెలుసు. ఒక్కళ్ళూ అడగలేదు. ఎవరో ఒకరు అడిగితే బాగుండునని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. ఎవరూ అడగలేదు గనక మేమూ మాట్లాడలేదు.”

ఎస్తెల్లా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె తుడుచుకోవడం లేదు. “ఇప్పుడు అడుగుతున్నానండీ,” అంది.

ఆవిడ తల ఊపింది. తలుపు వెయ్యకుండా, లోపలికి రమ్మనకుండా, వెనక్కి తిరిగి వెళ్ళింది. కిటికీలోంచి కనబడుతూనే ఉంది. కుర్చీ ఒకటి పొయ్యి గట్టు దగ్గరికి లాగింది. రుమాలు తీసి పక్కన పెట్టింది. కుర్చీ ఎక్కి, రెండు చేతులూ పైకెత్తి ఫ్రేము పట్టుకుంది.

అప్పుడే లోపలి గదిలోంచి మగ గొంతు వినిపించింది. “ఎవరు వచ్చింది? ఏం చేస్తున్నావు నువ్వు?”

ఆవిడ చేతులు ఫ్రేము మీదే ఆగిపోయాయి. అడుగుల చప్పుడు ముందుగది వైపు వస్తోంది. “డాక్టర్ లొబాతో గారి అమ్మాయి వచ్చింది,” అంది ఆవిడ, చేతులు దించకుండా.